మిద్దె మీద కాపు విరగకాస్తే: పచ్చడి, ఊరగాయ, ఒరుగులు

మూడు నెలలు బకెట్లతో నీళ్లు మోసి పెంచిన మొక్క కాయకపోతే ఒక బాధ, అన్నీ ఒకేసారి కాస్తే ఇంకో బాధ. మాది అనంతపురం. మిద్దె మీద పాత పెయింటు బకెట్లలో పది టమోటా మొక్కలు, ఆరు మిరప, రెండు వంగ, పిట్టగోడ పక్క తొట్టిలో మటిక్కాయ (గోరుచిక్కుడు), ఒక బీర తీగ, అంతే తోట. సంక్రాంతి దాటిందంటే రోజు మార్చి రోజు గంపెడు దిగుతాయి. మొదటి వారం ఎదురింటికీ పక్కింటికీ పంచుతాం, రెండో వారం కూడా పంచుతాం, మూడో వారం గిన్నె పట్టుకొని పోతే పక్కింటి అక్క తలుపు సగమే తెరిచి "మా ఫ్రిజ్‌లో ఇంకా నువ్విచ్చినవే ఉన్నాయి లేమ్మా" అంటుంది. పోనీ అమ్ముదామా అంటే మన మిద్దె మీద కాసే రోజుల్లోనే ఊరంతా కాస్తుంది, పత్తికొండ మార్కెట్లో ధర లేక రైతులే టమోటాలు రోడ్డు మీద పారబోసి పోయిన ఏడాదులు ఎన్ని చూళ్లేదు. ఇక మిగిలింది ఊరగాయే.

జాడీ కడగకముందే ఒక సంగతి తేల్చుకోండి. ఏ కాయ చేతికొచ్చినా రెండే ప్రశ్నలు: దీంట్లో నీళ్లెన్ని, పులుపెంత. కిలో టమోటాల్లో తొమ్మిది వందల గ్రాముల పైన నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లు ఉన్నన్నాళ్లూ బూజుకి పండగే. ఉప్పేసి లాగుతారో, ఎండబెట్టి లాగుతారో, నూనెలో మగ్గించి ఇగరబెడతారో మీ ఇష్టం, మొత్తానికి నీళ్లు బయటికి పోవాలి. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో కూర్చొని కాయలోంచి నీళ్లెట్లా తీయాలా అని కిందామీదా పడటం చూస్తే నాకే నవ్వొస్తుంది గానీ, మనకున్న ఎండా పొడిగాలీ సముద్రం పక్కనున్నవాళ్లకి లేవు. అక్కడ నాలుగు రోజులు పట్టే ముక్క మన మిద్దె మీద రెండు రోజుల్లో ఎండుతుంది.

పులుపు సంగతి ఇంకా ముఖ్యం. టమోటా, గోంగూర, చింతకాయ, నిమ్మకాయ వీటికి సొంత పులుపుంది కాబట్టి నిల్వకి పనికొస్తాయి. బీరకాయ, సొరకాయ, వంకాయ లాంటివాటికి లేదు. పులుపు లేని కూరగాయని నూనెలో ముంచి గట్టిగా మూత బిగించి బయట పెట్టడం మంచిది కాదు, గాలి ఆడనిచోట పెరిగే బాటులినం అనే బ్యాక్టీరియా ఉంది, దాని విషం ప్రాణాల మీదికి తెస్తుంది, పైగా వాసనలోనూ రుచిలోనూ తేడా తెలియకపోవచ్చు. పీహెచ్ 4.6 కంటే కిందుంటే, అంటే పులుపు బాగా ఉంటే, అది పెరగదు. పెద్దవాళ్లు నిల్వ పచ్చడికి చింతపండు అంతంత వేయడం రుచి కోసమే అనుకునేదాన్ని, రుచి ఒక్కటే కాదన్నమాట. ఇదే కారణంగా పచ్చి తెల్లగడ్డలు నూనెలో వేసి నెలలు బయట పెట్టొద్దు.

కాబట్టి బీర, సొర, వంకాయ ఎక్కువొస్తే ఆ పూటకి పచ్చడి నూరుకోండి, లేదా ముక్కలు ఎండబెట్టి ఒరుగులు పెట్టుకోండి. ఊరగాయ జోలికి పోవద్దు.

ఆ పూటకి: ఊరుబిండి

ఇది శనక్కాయ విత్తనాలు వేసి నూరే పచ్చడి, మా వైపు అందరింట్లో చేసేదే, అయినా కొత్తగా వండుకుంటున్న పిల్లలు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. నలుగురికి గుప్పెడున్నర శనక్కాయ విత్తనాలు సన్న మంట మీద దోరగా వేయించండి, పొట్టు సగం పోతే చాలు. అదే మూకుట్లో చెంచా నూనె వేసి పదో పన్నెండో పచ్చిమిరపకాయలు, మచ్చలు పడి నిల్వకి పనికిరాని టమోటాలు ఆరు, మచ్చ మేరకు కోసేసి, తొక్క ఊడేదాకా మగ్గించండి. రోట్లో ముందు ఉప్పు, జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, మిరపకాయలు నూరాలి. తర్వాత విత్తనాలు, పలుకు పలుకుగా. టమోటా చివర్న, అది ముందేస్తే జారిపోయి ఏదీ నలగదు. అన్నీ అయ్యాక ఒక ఎర్రగడ్డ కోసి వేసి రెండంటే రెండే దెబ్బలు. మిక్సీ అయితే బటన్ తిప్పి వదలండి, తిప్పి వదలండి, మెత్తగా పేస్టు చేశారంటే అది ఊరుబిండి కాదు, ఇడ్లీ చట్నీ. రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఇది పెట్టుకున్నాక ఇంక కూర అక్కర్లేదు. టమోటా బదులు బీరకాయ వేయండి, కాల్చిన వంకాయ వేయండి, పద్ధతి ఇదే, వాటికి మటుకు కాస్త చింతపండు కలపాలి. బీర లేతదైతే చెక్కు కూడా పారేయకుండా వేయించి నూరండి.

ఏడాదికి: ఎండబెట్టిన టమోటా ఊరగాయ

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, ఆ తర్వాత మొదలుపెట్టండి. ముందే కాయలు ఎక్కువైతే దోరగా ఉన్నప్పుడే కోసి నీడలో పరుచుకుంటే వారం ఆగుతాయి.

రెండు కిలోల టమోటాలకి నా కొలత: కల్లుప్పు 150 గ్రాములు, గింజా పీచూ తీసిన చింతపండు 150 గ్రాములు, కారం 150 గ్రాములు, పసుపు ఒక చెంచా, మెంతులు రెండు చెంచాలు, ఆవాలు రెండు చెంచాలు, శనగనూనె గానీ నువ్వుల నూనె గానీ 400 మిల్లీలీటర్లు. ఉప్పు తూకం వేయండి, గిన్నెతో కొలవొద్దు. ఒక గిన్నె కల్లుప్పు కంటే అదే గిన్నె మెత్తుప్పు బరువు ఎక్కువ తూగుతుంది, ఆ తేడాకే ఎన్నో జాడీలు ఉప్పు కశమైపోయాయి. కారం సగం గుంటూరుది, సగం బ్యాడిగిది కలుపుతాను నేను, ఘాటు దానిది, రంగు దీనిది.

ముందురోజు రాత్రే కాయలు కడిగి, పాత నూలు పంచె మీద పరిచి ఫ్యాను కింద వదిలేయండి. పొద్దున ఒక్కో కాయ తీసుకొని తొడిమ దగ్గర గుంటలో వేలు పెట్టి చూడండి, తడి దాక్కునేది అక్కడే. గట్టిగా ఉన్న ఎర్ర కాయలే తీసుకోండి, మెత్తబడినవీ పురుగు బెజ్జం ఉన్నవీ ఊరుబిండికి. కత్తి, పలక, చేతులు అన్నీ పొడిగా ఉండాలి. కాయని ఎనిమిది ముక్కలు చేసి ఉప్పు, పసుపు కలిపి జాడీలో వేసి మూతికి గుడ్డతో వాసెన కట్టండి. జాడీ లేకపోతే గాజు సీసా, స్టీలు గిన్నె అయినా సరే, అల్యూమినియం, ఇత్తడి మాత్రం వద్దు, ఉప్పూ పులుపూ వాటిని తినేస్తాయి.

రెండో రోజు విప్పి చూస్తే ముక్కలు మునిగేంత నీళ్లు ఊరి ఉంటాయి. నీళ్లేం పోయలేదే అని కంగారు పడకండి, అదంతా కాయలోదే. పొడి చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి కలిపి మళ్లీ కట్టేయండి.

మూడో రోజు పొద్దున ఎనిమిదికల్లా మిద్దె ఎక్కండి. ముక్కల్ని గుప్పిట్లో పిండి పళ్లెంలో విడివిడిగా పరచండి, రసం పారబోయొద్దు, ఊరగాయకి ప్రాణం అదే. రసాన్ని వెడల్పు స్టీలు గిన్నెలో పోసి చింతపండు రెబ్బలు విడదీసి అందులో వేసి, గిన్నె కూడా ముక్కల పక్కనే ఎండలో పెట్టండి. రెండిటి మీదా పల్చటి తెల్ల గుడ్డ కప్పి నాలుగు మూలలా రాళ్లు పెట్టండి. మన ఊరి గాలి సంగతి తెలుసు కదా, రామగిరిలో గాలిమరలు ఊరికే పెట్టలేదు, గుడ్డ లేచిందంటే ఊరగాయలో ఇసుక కరకరలాడుతుంది. కోతులు తిరిగే వీధి అయితే కాపలా ఒకరు కూర్చోవాల్సిందే, వేరే దారి లేదు. సాయంత్రం ఎండ తగ్గగానే రెండూ ఇంట్లోకి తెచ్చేయండి, మంచు తగలకూడదు.

ఎప్పుడు ఎండినట్టు? అందరూ రెండు రోజులు, మూడు రోజులు అని చెప్తారు గానీ రోజులు లెక్కపెట్టొద్దు, ముక్కని చూడండి. సరిగ్గా ఎండిన ముక్క అంచులు లోపలికి ముడుచుకొని తొక్క వైపు ముదురు ఎరుపు తిరుగుతుంది, గుజ్జు వైపు ఉప్పు సన్నగా మెరుస్తుంది. రెండు వేళ్లతో మడిస్తే పాత చెప్పు తోలులా వంగాలి, పుటుక్కున విరగకూడదు. మడత దగ్గర గోటితో నొక్కండి. గోటికి తడి అంటుకుందా, ఇంకో పూట ఎండాలి. విరిగిందా, ఎక్కువ ఎండింది, ఏం కొంప మునగలేదు, రసంలో కాసేపు ఎక్కువ నానబెడితే సర్దుకుంటుంది. మధ్యలో మబ్బు పడితే టెన్షన్ వద్దు, ముక్కల్ని రసంలోనే వేసి ఫ్రిజ్‌లో పెట్టి ఎండ వచ్చినరోజు మళ్లీ పిండి ఆరబెట్టుకోండి.

ముక్కలు ఎండాక రసంలో, మెత్తబడిన చింతపండుతో సహా, రెండు మూడు గంటలు నాననిచ్చి మిక్సీలో తిప్పండి. మరీ వెన్నలా చేయకండి, అక్కడక్కడా తొక్క పంటికి తగలాలి. నీళ్ల చుక్క వేయొద్దు, మిక్సీ తిరగనని మొరాయిస్తే కాస్త నూనె పోయండి. మెంతులు సన్న సెగన ఎర్రగా వేయించి, చల్లారాక పొడి కొట్టండి, తొందరపడి మాడిస్తే చేదు ఏడాదంతా నాలుక్కి తగులుతుంది. ఆవాలు ఊరికే వెచ్చజేసి పొడి కొడితే చాలు. కారం, రెండు పొడులు కలిపి, ఇప్పుడు చిటికెడు నోట్లో వేసుకోండి. ఉప్పు, కారం రెండూ ఎక్కువే అనిపిస్తాయి. అనిపించాలి. మూడు రోజులు ఊరితే సర్దుకుంటాయి, ఇప్పుడే సరిగ్గా ఉందంటే అప్పటికి చప్పబడుతుంది.

తిరగవాత రెండు రకాలుగా పెట్టొచ్చు. మా అవ్వ పచ్చడి ముద్దని జాడీలో అణిచి పెట్టి, పది రోజులకి సరిపడా తీసుకొని అప్పటికప్పుడు తిరగవాత పెట్టేది, వాసన కొత్తగా ఉండేది. నాకంత ఓపిక లేదు, నూనె అంతా కాచి ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి మొత్తానికి ఒకేసారి పెట్టేస్తాను. ఎట్లా పెట్టినా నూనె పూర్తిగా చల్లారాకే కలపాలి. పూర్తిగా అంటే గిన్నె అడుగున చెయ్యి పెడితే వేడి తెలియకూడదు.

ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద ఊరికి పోవాలన్న తొందరలో గోరువెచ్చగా ఉన్నప్పుడే సీసాలకెత్తి మూతలు బిగించేశాను. వారం తర్వాత వచ్చి చూస్తే మూత లోపల చెమట పట్టినట్టు చుక్కలు, పచ్చడి మీద దూది పింజల్లాంటి తెల్ల బూజు. నాలుగు కిలోల కాయ, నాలుగు రోజుల ఎండ. పై పొర తీసేసి కింది భాగం తింటే ఏమీ కాదు, మేం తినలేదా అంది మాయమ్మ. కాదన్నాను, పారబోశాను, ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. బూజు కనిపించేది పైనే గానీ దాని వేళ్లు ఎంత లోతుకి పోయాయో మన కంటికి ఆనదు.

సీసాలకెత్తేటప్పుడు గాలి బుడగలు లేకుండా గరిటె వెనకతో అణచి, పైన వేలి మందం నూనె తేలేట్టు చూడండి. మూడో రోజు తిరగదోడండి, నూనె పీల్చేసి పైన ముద్ద కనిపిస్తుంటే ఇంకొంత కాచి చల్లార్చి పోయండి. రోజూ వాడేదానికి చిన్న సీసా వేరే పెట్టుకోండి, పెద్ద జాడీ నెలకోసారే తెరవాలి.

ఇంత ఓపిక లేదా? కిలో కాయలు ముక్కలు కోసి, 150 మిల్లీలీటర్ల నూనెలో వేసి, 50 గ్రాముల చింతపండు, 50 గ్రాముల ఉప్పుతో నీళ్లు ఇగిరి నూనె పక్కలకి తేలేదాకా మగ్గించండి, గరిటెతో గీత గీస్తే మూసుకోకూడదు. చల్లారాక మెదిపి, 60 గ్రాముల కారం, చెంచా మెంతిపిండి కలిపి తిరగవాత పెట్టుకుంటే ఫ్రిజ్‌లో నెల రోజులు హాయిగా నడుస్తుంది. రుచి బాగానే ఉంటుంది. ఎండబెట్టినదాని ముందు నిలవదు, ఆ మాట ఒప్పుకోవాలి.

మిరపకాయలకి మజ్జిగ

పచ్చిమిరప ఒకసారి పట్టిందంటే ఆపదు. వాటిని ఊరమిరపకాయలు చేసి పెట్టుకుంటే వానాకాలం పప్పన్నంలోకి వెతుక్కోనక్కర్లేదు. లేతాకుపచ్చ రంగులో లావుగా ఉన్న కాయలు కిలో తీసుకొని, తొడిమలు ఉంచి, కడిగి ఆరబెట్టి, మధ్యలో ఒక గాటు పెట్టండి, అటు చివర ఇటు చివర అతుక్కునే ఉండాలి. చేతులకి ముందే నూనె రాసుకోండి, లేకపోతే రాత్రంతా మంట. కళ్లద్దాలు సర్దుకోవడానికి చెయ్యి ముఖం మీదికి పోతుంది చూడండి, అదీ మర్చిపోవద్దు, నేను మర్చిపోయాను.

లీటరు చిక్కటి మజ్జిగ, బాగా పులిసినది, 100 గ్రాముల ఉప్పు కలిపి కాయలు అందులో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మజ్జిగలోంచి తీసి ఎండబెట్టండి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో. మూడు నాలుగు రోజులకి మజ్జిగంతా కాయలే తాగేస్తాయి, గిన్నె అడుగున ఏమీ మిగలదు. అక్కణ్ణుంచి ఇంకో మూడు నాలుగు రోజులు ఉత్తి ఎండ. డబ్బాలో వేసి ఊపితే గలగలమనాలి. మెత్తగా శబ్దం వస్తే లోపల గింజల దగ్గర తడి ఉన్నట్టే. నూనెలో వేయించేటప్పుడు కాఫీ రంగు రాకముందే తీసేయండి, మిగతా రంగు పళ్లెంలో పడ్డాక అదే తిరుగుతుంది.

ఒరుగులు, ఇంకొన్ని

మటిక్కాయలు ముదరకముందే కోసి, ఈనెలు తీసి, ఉప్పు పసుపు వేసిన నీళ్లు మరిగాక అందులో రెండు మూడు నిమిషాలు ఉంచి వార్చి ఎండబెట్టండి. వంకాయలు చక్రాలుగా కోసి ఉప్పు వేసిన మజ్జిగలో ముంచి తీస్తే నల్లబడటం తగ్గుతుంది. టమోటా ఒరుగులకి సన్నటి ఉప్పు చల్లితే సరిపోతుంది. ఇవి ఊరగాయ ముక్కల్లా వంగకూడదు, విరగాలి. గాలి చొరని డబ్బాలో పోస్తే ఏడాది ఉంటాయి, వేయించుకోవచ్చు, పులుసులో నానేయొచ్చు. జూన్‌లో కిలో టమోటా కొనడానికి చెయ్యి రానప్పుడు పప్పులో గుప్పెడు టమోటా ఒరుగులు వేసి చూడండి.

గోంగూర ఎక్కువుంటే ఆకు గిల్లి, కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే నూనెలో వేయించండి. తడి ఆకు వేస్తే వేగదు, ఉడుకుతుంది, ఆ పచ్చడి నాలుగు రోజులు కూడా ఆగదు. దోసకాయ ఆవకాయకి ప్రతి కాయా చివర కోసి నాలుక్కి తాకించండి, ఒక్క చేదు కాయ గిన్నెంతా చెడగొడుతుంది. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నె నూనె, ఒక నిమ్మకాయ రసం. రెండు వారాల్లో తినేయాలి, ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

ఉగాది వచ్చేసరికి ఎండకి టమోటా మొక్కలు ఆకులు ముడుచుకొని, పూత రాలిపోయి, చివర్న గోలీల్లాంటి పచ్చి కాయలు మిగులుతాయి. అవి పండుతాయని నీళ్లు పోస్తూ కూర్చోకండి. మొక్క పీకి కాయలన్నీ దులిపి, కోసి, నూనెలో పచ్చిమిరపకాయలతో మగ్గించి, వేయించిన నువ్వులు రెండు చెంచాలు కలిపి నూరండి. పచ్చి కాయకి పులుపు ఎక్కువ, చింతపండు అక్కర్లేదు. బకెట్లలో మట్టి అక్కడే కుమ్మరించి ఓ పది రోజులు ఎండనివ్వండి, ఆ గుడ్డ పరిచిన చోటే.